కంప్యూటరుకు నీళ్లెందుకు?



దీపావళి బోనసు చేతికొచ్చే నెలలో ఈ పేజీకి వచ్చే ప్రశ్నలు మామూలుగా ఫ్రిజ్జు, మిక్సీ, వాషింగ్ మెషీను గురించే ఉంటాయి. ఈసారి సింగానల్లూరు నుండి ఒక అక్క వేరే సంగతి అడిగింది. "మా వాడు ఇంజనీరింగు రెండో ఏడు. కంప్యూటరు వాడే బిగించుకుంటానంటాడు. ప్రాసెసరుకూ గ్రాఫిక్స్ కార్డుకూ నీళ్ల పైపులు వెయ్యాలంట. దానికే యాభై వేలు జాస్తి అవుతాదంట. కరెంటు వస్తువులో నీళ్లు పోస్తే పాడైపోదా? వాళ్ల నాయన వద్దంటాడు. వీడు అన్నం తినకుండా అలిగి కూర్చున్నాడు. ఏం చెప్పేది?"

మదురై హార్వీపట్టి నుండి కూడా ఇట్లాంటి ప్రశ్నే ఒకటి వచ్చింది. అక్కడ అడిగింది ఆడపిల్ల. యానిమేషన్ చదువుతా ఉంది. బొమ్మలు రెండర్ చేయడానికి కంప్యూటరు రాత్రంతా నడవాలంట, వేడికి ఆగిపోతుందేమో అని భయం.

రెండిళ్లకూ ఒకే జవాబు సరిపోదు. చట్టం ప్రకారం కనీస బోనసు జీతంలో 8.33 శాతం, అంటే ఏడాదికి ఇంచుమించు ఒక నెల జీతం. అదీ లెక్కకు తీసుకునే జీతానికి ఒక పరిమితి ఉంది. అట్లాంటి డబ్బును పైపుల్లో పోసే ముందు ఆ నీళ్లు ఏం చేస్తాయో, ఏం చేయలేవో ఇంట్లో అందరూ తెలుసుకోవాలి.

కరెంటుతో నడిచే కంప్యూటరు తిన్న కరెంటంతా చివరకు వేడిగానే బయటికొస్తుంది. ఇంటెల్ కోర్ ఐ9-14900కె అనే ప్రాసెసరు గట్టిగా పనిచేసేటప్పుడు 253 వాట్ల దాకా తీసుకుంటుంది. ఎన్విడియా ఆర్‌టిఎక్స్ 4090 గ్రాఫిక్స్ కార్డు లెక్క 450 వాట్లు. రెండూ కలిస్తే 700 వాట్లు, అంటే ఒక చిన్న ఇస్త్రీపెట్టెకు దగ్గర. ఇస్త్రీపెట్టెలో ఆ వేడి పెద్ద ఇనుప పలకంతా పరుచుకుంటుంది. ఇక్కడ అది తపాలా బిళ్లంత సిలికాన్ ముక్కలో పుడుతుంది. ఆ వేడిని వెంటనే లాగెయ్యకపోతే ప్రాసెసరు 100 డిగ్రీలకు చేరుతుంది. అప్పుడు కాలిపోకుండా తన వేగం తానే తగ్గించుకుంటుంది. మనం డబ్బు పెట్టి కొన్న వేగం మనకు దక్కదు.

మామూలు కంప్యూటరులో రాగి గొట్టాలు, అల్యూమినియం రేకులు, ఒక ఫ్యాను ఈ పని చేస్తాయి. దాన్ని టవర్ కూలర్ అంటారు. నీళ్ల పద్ధతిలో సిలికాన్ మీద రాగి బ్లాకు కూర్చుంటుంది. దాని లోపల వెంట్రుకంత సందులతో గాడులుంటాయి. పంపు ఆ గాడుల గుండా నీటిని తోస్తుంది. వేడెక్కిన నీరు రేడియేటరుకు పోతుంది. అక్కడ ఫ్యాన్లు వేడిని గాలిలోకి ఊదేస్తాయి. చల్లబడిన నీరు మళ్లీ బ్లాకుకు వస్తుంది. ఈ చుట్టునే లూపు అంటారు. సమాన కొలత తీసుకుంటే గాలి కంటే నీరు మూడు వేల రెట్లకు పైగా వేడిని మోస్తుంది. అందుకే సన్నటి పైపు చాలు.

ఇక్కడే మిల్లు వాళ్లు ఒక సంగతి గమనించాలి. నీళ్లు, చల్లదనం అనగానే మనకు హ్యుమిడిఫికేషన్ ప్లాంట్ గుర్తొస్తుంది. అక్కడ గాలిని నీటి జల్లులో నుండి పంపిస్తారు. కొంత నీరు ఆవిరై గాలిలోని వేడిని తీసుకుంటుంది. అందుకే బయటి గాలి కంటే చల్లటి గాలి డిపార్టుమెంటులోకి వస్తుంది. తేమ నిలబడుతుంది, నూలు తెగడం తగ్గుతుంది. కంప్యూటరు లూపు అట్లా కాదు. నీరు మూసిన పైపులోనే తిరుగుతుంది, ఆవిరి కాదు. ఇది లారీ రేడియేటరు లెక్క. గదిలో గాలి ఎంత వేడిగా ఉంటే దానికంటే చల్లగా ఆ నీరు ఎప్పటికీ కాదు. మదురైలో మే నెల మధ్యాహ్నం గది 38 డిగ్రీలుంటే, మంచి రేడియేటరు పెట్టినా లూపులో నీరు 48, 50 డిగ్రీల దగ్గర నిలుస్తుంది. లాగిన వేడంతా మళ్లీ మన గదిలోకే వస్తుంది. నీళ్లు వేడిని మోస్తాయి గానీ మాయం చేయవు.

కరెంటు బిల్లు కూడా తగ్గదు. 500 వాట్లు తినే కంప్యూటరు రోజుకు ఆరు గంటలు నడిస్తే మూడు యూనిట్లు. మన బిల్లు రెండు నెలలకు ఒకసారి కదా, అప్పటికి 180 యూనిట్లు. ఉచితంగా వచ్చే యూనిట్లలో చాలాభాగం దీనికే పోతుంది. పంపు, ఫ్యాన్లు తినేది పైన.

అయితే నీళ్ల పద్ధతి ఉత్త వేషమా? కాదు. 1960లలోనే ఐబీఎం పెద్ద కంప్యూటర్లకు నీళ్ల పైపులు వేసింది. 1985లో వచ్చిన క్రే-2 అనే సూపర్ కంప్యూటరులో సర్క్యూట్లన్నీ కరెంటు పారని ఒక ద్రవంలో మునిగే ఉండేవి. 2004లో ఆపిల్ కంపెనీ బల్ల మీద పెట్టుకునే పవర్ మాక్ జి5లో ద్రవంతో చల్లబరచడం తెచ్చింది. వాటిలో కొన్ని కొన్నేళ్లకు కారి, మిషన్లను పాడు చేశాయి కూడా. ఇప్పుడు ఏఐ కోసం కట్టే డేటా సెంటర్లలో సర్వర్లకు నేరుగా నీటి బ్లాకులు బిగిస్తా ఉండారు. కాబట్టి ఈ పని నేర్చుకున్న చేతికి విలువ ఉంది.

మనోళ్లకు ఇది అంత కొత్తా కాదు. కలంగల్‌లో పుట్టిన జి.డి. నాయుడు, డి. బాలసుందరం కలిసి 1937లో కోయంబత్తూరులో మోటారు తయారు చేశారు. దేశంలో తొలి దేశవాళీ ఎలక్ట్రిక్ మోటారుగా దాన్నే చెప్పుకుంటారు. ఆ తరవాత ఈ ఊరు పంపుల ఊరైంది. హెడ్డు, ఫ్లో, సీలు, ఎయిర్ లాకు అంటే తెలియని ఇల్లు మన వీధుల్లో తక్కువ. లూపు కట్టడానికి కావలసిన తెలివిలో సగం అదే.

ఇక కట్టే పద్ధతి. ముందు గాలి కూలర్‌తోనే కంప్యూటరు బిగించి, వారం పది రోజులు గట్టిగా వాడి చూడాలి. ఏ భాగమైనా చెడి ఉంటే అప్పుడే బయటపడుతుంది, తిరిగి ఇచ్చేయవచ్చు. గ్రాఫిక్స్ కార్డు మూత విప్పి నీటి బ్లాకు బిగించాక కొన్ని కంపెనీలు వారంటీ ఇవ్వవు. కొనేటప్పుడే అడిగి, రాతలో తీసుకోవాలి. ప్రాసెసరు బ్లాకు చాలా బోర్డులకు సరిపోతుంది. కార్డు బ్లాకు అట్లా కాదు. ఒకే పేరుతో వచ్చే కార్డుల్లో కూడా లోపలి బోర్డు కంపెనీకి ఒక రకం. కాబట్టి సరిగ్గా మన మోడల్‌కు చేసిన బ్లాకే తేవాలి.

రేడియేటరును ఫ్యాన్ల లెక్కన కొలుస్తారు. 240 అంటే 120 మిల్లీమీటర్ల ఫ్యాన్లు రెండు, 360 అంటే మూడు. రెండు పెద్ద భాగాలనూ ఒకే లూపులో పెడితే ఒక 360, ఒక 240 ఉండటం మేలు. మన ఎండలకు ఇందులో పిసినారితనం పనికిరాదు. రాగి బ్లాకు పెట్టి అల్యూమినియం రేడియేటరు కొనకూడదు. ఒకే నీటిలో రెండు లోహాలూ కలిస్తే అల్యూమినియం తినేసుకుపోతుంది.

పంపుల్లో డి5 అనే రకం పేరున్నది. 12 వోల్టుల మీద నడుస్తుంది. గంటకు 1500 లీటర్ల దాకా తోయగలదు, హెడ్డు నాలుగు మీటర్ల లోపే. లూపులో పెడితే అడ్డంకుల వల్ల చాలా తక్కువే పారుతుంది, అది చాలు. పంపు ఎప్పుడూ నీళ్ల డబ్బా కంటే కిందే ఉండాలి. నీళ్లు లేకుండా ఒక్క నిమిషం కూడా నడపకూడదు. మోనోబ్లాకుకు ఏ న్యాయమో దీనికీ అదే.

ఫిట్టింగుల మర జి 1/4. మన పైపు పనివాళ్లు వాడే బీఎస్‌పీ జాతిదే. కానీ టెఫ్లాన్ టేపు చుట్టకూడదు, రెంచితో బిగించకూడదు. ఓ-రింగు ఉంది కాబట్టి చేత్తో బిగిస్తే చాలు. ఎక్కువ తిప్పితే అక్రిలిక్ పగులుతుంది. మొదటిసారి కట్టేవాళ్లు గట్టి గాజులాంటి పైపుల జోలికి పోకుండా మెత్తటి పైపుతో మొదలుపెట్టడం మంచిది.

నీళ్ల సంగతి. బోరు నీళ్లు పోస్తే ఆ సన్నటి గాడుల్లో ఉప్పు పేరుకుంటుంది. శిరువాణి నీళ్లు తాగడానికి ఎంత తియ్యగా ఉన్నా దీనికి పనికిరావు. బాటిలు నీళ్లూ వద్దు. దీనికని అమ్మే కూలెంటు గానీ, పాచి పట్టకుండా, తుప్పు పట్టకుండా మందు కలిపిన డిస్టిల్డ్ వాటరు గానీ పోయాలి. డిస్టిల్డ్ నీటిలో కరెంటు అంతగా పారదు. అయినా లూపులో తిరిగేకొద్దీ లోహం, దుమ్ము కలిసి పారడం మొదలవుతుంది. కాబట్టి కారినా ఏం కాదులే అనుకోకూడదు.

అన్నిటికంటే ముఖ్యం కారుడు పరీక్ష. మదర్‌బోర్డుకు, కార్డుకు కరెంటు తీగలు తీసేసి, పవర్ సప్లై నుండి పంపుకు ఒక్కదానికే కరెంటు ఇవ్వాలి. ప్రతి జాయింటు కింద టిష్యూ కాగితం పరిచి ఒక పగలూ ఒక రాత్రీ తిప్పాలి. కాగితం మీద ఒక్క చుక్క కనబడినా ఆపి, ఆ జాయింటు విప్పి చూడాలి. తడి పూర్తిగా ఆరకుండా మిగతా తీగలు పెట్టకూడదు. ఈ ఒక్కరోజు ఓపిక పట్టలేనివాళ్లు ఈ పనికి దిగకపోవడమే మేలు.

తరవాత కూడా పని ఉంటుంది. రేడియేటరు సందుల్లో దుమ్ము, దూది పీచు పేరుకుంటే గాలి దూరదు. రింగ్‌ఫ్రేము మీద తిరిగే ఓవర్‌హెడ్ క్లీనరు ఎందుకుందో మన అక్కలకు చెప్పనక్కరలేదు. నెలకొకసారి బ్లోయరుతో ఊదాలి. ఏడాదికొకసారి నీళ్లు మార్చాలి.

ఇప్పుడు ఖర్చు. మంచి టవర్ కూలరు రెండు మూడు వేలలో వస్తుంది. ప్రాసెసరుకు మాత్రమే పనికొచ్చే, కంపెనీయే నీళ్లు నింపి మూసి ఇచ్చే ఏఐఓ రకం ఆరేడు వేల నుండి మొదలు. అందులో పంపు పోతే మొత్తం మార్చాల్సిందే. రెండిటికీ సొంతంగా లూపు కడితే అర లక్ష దాటడం మామూలే.

సింగానల్లూరు అక్కకు నా మాట ఇది. మీవాడి చదువుకు 65 వాట్ల తరగతి ప్రాసెసరు, 115 వాట్లు తినే ఆర్‌టిఎక్స్ 4060 లాంటి కార్డు బ్రహ్మాండంగా చాలు. వాటికి గాలే చాలు. ఆ యాభై వేలలో కొంత మెమరీకి, మంచి పవర్ సప్లైకి పెట్టండి, మిగిలింది ఫీజుకు దాచండి. కానీ బిగించేది మాత్రం వాడి చేత్తోనే కానివ్వండి. వాళ్ల నాయన పక్కన కూర్చుని చూడాలి. వద్దనాల్సింది నీళ్ల ఖర్చుకు, పిల్లవాడి పనితనానికి కాదు.

హార్వీపట్టి చెల్లికి. రాత్రంతా రెండర్ చేసే పనికి వేడి నిజమైన సమస్యే. ముందు గాలి బాగా ఆడే క్యాబినెట్టు, మూడు ఫ్యాన్ల కార్డు, ప్రాసెసరుకు ఒక 360 ఏఐఓ పెట్టుకో. క్యాబినెట్టును గోడకు ఆనించకుండా కిటికీ దగ్గర ఉంచు. కార్డుకు నీళ్లు ఇప్పుడే వద్దు. ఆ కంప్యూటరు నీకు సంపాదించి పెట్టడం మొదలయ్యాక, దాని డబ్బుతోనే దానికి నీళ్లు పోయి. అప్పటికి వారంటీ కూడా తీరి ఉంటుంది, భయం ఉండదు.

వచ్చే నెల ఇన్వర్టరు బ్యాటరీల గురించి చూద్దాం. ప్రశ్నలుంటే పదో తేదీ లోపల పంపండి.