సిగ్నల్ లేదు అనే ముందు మన సర్వర్ చూసుకుందాం

కాస్త పొడుగు పోస్ట్, ఓపిగ్గా చదవండి. కంప్యూటర్ సైన్స్ వాళ్ల కోసం రాసినట్టు అనిపిస్తుంది గానీ, డీఎస్సీకో పాలిసెట్‌కో చదువుతున్న తమ్ముళ్లూ చెల్లెళ్లూ కూడా చదవాలి. తప్పు మాది, నష్టపోయింది వాళ్లు.

మొన్నటి మాక్ టెస్ట్ సాయంత్రం చాలామందికి పేజీ తెరుచుకోలేదు. పాడేరు, రంపచోడవరం హాస్టళ్లలో ఉన్నవాళ్లు బాగానే రాసేశారు. లోపలి ఊళ్లలో, చింతచెట్టు కిందో గట్టు మీదో నిలబడి ఫోన్ పట్టుకునేవాళ్లు మాత్రం "అన్నా, తిరుగుతూనే ఉంది" అని మెసేజ్‌లు పెట్టారు. మేం గ్రాఫానా తెరిచాం. అంతా పచ్చగా ఉంది. సీపీయూ ఖాళీ, మెమరీ ఖాళీ, పాడ్‌లన్నీ నడుస్తున్నాయి. "మా వైపు ఏం లేదు, సిగ్నల్ ఉన్న చోటికి వెళ్లి చూడండి" అని జవాబిచ్చేశాం. ఒక చెల్లి ఆ చీకట్లో మళ్లీ గట్టెక్కిందని తర్వాత తెలిసింది.

తీరా చూస్తే పోయింది మా సర్వర్ దగ్గరే.

మన టెస్ట్ మూడు చిన్న అద్దె మెషీన్ల మీద కుబర్నెటీస్‌లో నడుస్తుంది. మెషీన్‌ని నోడ్ అంటారు, దాని మీద నడిచే కంటైనర్ల మూటని పాడ్ అంటారు. ప్రొమీథియస్ అనే టూల్ నిమిషానికోసారి వెళ్లి లెక్కలు తెచ్చుకుంటుంది. ప్రతి నోడ్ మీదా ఉండే క్యూబ్‌లెట్‌లోనే సీఅడ్వైజర్ ఉంటుంది. ఏ పాడ్‌కి ఎన్ని బైట్లు వచ్చాయి, ఎన్ని పోయాయి, ఎన్ని ప్యాకెట్లు పడిపోయాయి అనేది అదే చెబుతుంది. ఇంటి కరెంటు మీటరు లాంటిదే, అంకె పెరుగుతూ పోతుంది, రెండు రీడింగుల తేడా మనం తీసుకోవాలి. చిక్కేంటంటే ఆ మీటరు ఉన్నది పాడ్ గుమ్మం దగ్గర. గుమ్మం దాకా రాని ప్యాకెట్ దాని లెక్కలోకే రాదు.

ఆ రోజు ప్యాకెట్లు పడిపోయింది నోడ్ దగ్గర. లినక్స్ కెర్నెల్ తన గుండా పోయే కనెక్షన్లను కాన్‌ట్రాక్ అనే పట్టికలో రాసుకుంటుంది. పట్టిక నిండితే కొత్త కనెక్షన్ ప్యాకెట్లని పడేస్తుంది, కెర్నెల్ లాగ్‌లో ఒక లైన్ రాసి ఊరుకుంటుంది. అప్పటికే లోపల ఉన్నవాళ్లకి ఏమీ కాదు, అందుకే హాస్టల్ పిల్లలు హాయిగా రాసుకున్నారు. మెమరీ మిగులుతుందని ఎక్కడో చూసిన సెట్టింగ్ కాపీ కొట్టి, ఆ పట్టిక పరిమితిని బాగా తగ్గించింది కూడా మేమే. సిగ్గుగానే ఉంది.

ఇంకో సంగతి ఇంతకంటే బాధ పెట్టింది. సిగ్నల్ తెగిపోయిన ఫోన్ కనెక్షన్‌ని మూసి వెళ్లదు కదా, దాని పేరు పట్టికలో అలాగే ఉండిపోతుంది. కుబర్నెటీస్‌లో మామూలుగా ఆ గడువు 24 గంటలు. సిగ్నల్ మళ్లీ రాగానే ఫోన్ ఇంకో కొత్త కనెక్షన్ అడుగుతుంది. అంటే మాటిమాటికీ కొత్త కనెక్షన్ కావాల్సింది గట్టు మీద నిలబడ్డ పిల్లలకే, పట్టిక నిండాక తలుపు మూసుకుపోయేది కూడా వాళ్లకే. వాళ్ల సిగ్నల్ బలహీనమే, నిజమే. ఆ బలహీనతకి మేం ఇంకో దెబ్బ కలిపాం.

హైదరాబాద్ కంపెనీల్లో పనిచేసే మన అన్నలు కొందరు "మూడు మెషీన్లకి ఇంత మానిటరింగ్ ఎందుకురా" అంటున్నారు. సగం ఒప్పుకుంటాం. కొత్త కొలత ఒక్కొక్కటీ పెట్టేకొద్దీ ప్రొమీథియస్ మెమరీ తింటుంది. ఏ పాడ్ ఎవరితో మాట్లాడుతోందో చూపించే సిలియం హబుల్ లాంటివి బాగుంటాయి గానీ ఇప్పుడు మనకి భారం. కానీ నోడ్ ఎక్స్‌పోర్టర్ ఇచ్చే రెండు అంకెలు, కాన్‌ట్రాక్ ఎంట్రీలు ఎన్ని, వాటి పరిమితి ఎంత, ఇవి చూడకపోవడానికి ఏ సాకూ లేదు. పరిమితిలో 75 శాతం దాటగానే మా ఫోన్లు మోగేలా పెట్టాం. ఈ అంకె పెరుగుతుంది, తగ్గుతుంది, రెండు రీడింగుల మధ్య నిండి ఖాళీ అయితే మనకి కనపడదు. అందుకని టెస్ట్ రోజుల్లో 15 సెకన్లకోసారి చూస్తాం.

మా అసలు వాదన ఇంకొకటి ఉంది. బయటి నుంచి సైట్‌ని తట్టి చూడటానికి బ్లాక్‌బాక్స్ ఎక్స్‌పోర్టర్ అని ఉంది. పేరు వెతకడానికి ఎంతసేపు, కనెక్ట్ అవ్వడానికి ఎంతసేపు, జవాబుకి ఎంతసేపు అని విడగొట్టి చెబుతుంది. మేం దాన్ని అదే క్లస్టర్‌లో పెట్టుకున్నాం. ఇంట్లో కూర్చుని మన తలుపు తెరిచే ఉంది అనుకున్నట్టు! అది ఉండాల్సింది కొండ మీద, పిల్లలు వాడే సిమ్ మీద. మన సైట్‌తో పాటు వేరే సైట్‌ని కూడా తట్టాలి. అది తెరుచుకుని మనది తెరుచుకోకపోతే, సిగ్నల్ మీద నెట్టే వీలు మాకు ఉండదు. ప్రొమీథియస్ మామూలుగా తనే వెళ్లి లెక్క అడుగుతుంది, సిమ్ వెనక ఉన్న పెట్టె దానికి అందదు. ఏజెంట్ మోడ్‌లో పెడితే కొండ మీది పెట్టే లెక్కలు పంపుతుంది, సిగ్నల్ పోతే కాసేపు దాచుకుని వచ్చాక పంపుతుంది.

రాస్ప్‌బెర్రీ పై బోర్డు ఒకటి మా దగ్గర ఉంది. సిమ్, డాంగిల్ ఖర్చు మాది. కరెంటు పోయి వచ్చాక అది వెలిగిందో లేదో చూసేవాళ్లు లోపలి ఊళ్లో ఒకరు కావాలి, కామెంట్‌లో చెప్పండి. ఆ రోజు గట్టెక్కిన చెల్లి ఊరైతే ఇంకా మంచిది. టెస్ట్ రాయలేకపోయిన వాళ్లందరికీ వచ్చే ఆదివారం మళ్లీ పెడుతున్నాం. ఈసారి "తిరుగుతూనే ఉంది" అంటే ముందు మా వైపే చూస్తాం.