అటక మీద గది

మా అత్తగారి ఊళ్ళో పెంకుటింటికి పెద్ద అటక ఉంది. ఇత్తడి గంగాళాలు, ట్రంకుపెట్టెలు, బొమ్మలకొలువు బొమ్మలు, ఎవరూ పారెయ్యలేని పాత ఉయ్యాల, అన్నీ అక్కడే.

ఈ వేసవిలో మా మరిదికి ఓ ఆలోచన వచ్చింది. "వదినా, పిల్లలు పెద్దవాళ్ళవుతున్నారు. సామాను దించేసి అటకని గది చేసేద్దాం. మేస్త్రి నెలరోజుల్లో అయిపోతుందన్నాడు" అన్నాడు. నిజం చెప్పొద్దూ, ముందు నేనూ సంబరపడ్డాను. సెలవులకి వెళ్తే అందరం ఒకే హాల్లో పడుకోవడం ఎంత ఇబ్బందో ఆడవాళ్ళకి చెప్పక్కర్లేదు.

మేస్త్రి అన్న ఇంకో మాట దగ్గర మాత్రం నా మనసు ఆగిపోయింది. "ఈ అడ్డదూలం తలకి తగులుతోందమ్మా, కోసేస్తే సరి" అన్నాడు.

మా చిన్నాన్న కొడుకు సివిల్ ఇంజనీరు. వాడిని పిలిపించాను. వాడు బల్ల మీద ఓ పుస్తకాన్ని తెరిచి బోర్లించాడు. "అక్కా, నీ ఇంటి కప్పు ఇదే అనుకో. పైన నొక్కు" అన్నాడు. నొక్కితే రెండు అట్టలూ చెరోపక్కకీ జారిపోయాయి. ఆ జారడాన్ని ఆపుతూ రెండు గోడల్నీ పట్టి ఉంచేది ఆ అడ్డదూలమేనట. దాన్ని కోస్తే పెంకుల బరువంతా గోడల్ని బయటికి తోస్తుంది. మావేమో మట్టి అడుసుతో కట్టిన గోడలు.

తర్వాత దూలం గోడలోకి దిగే చోట స్క్రూడ్రైవరుతో పొడిచాడు. అది బెండులోకి దిగినట్టు దిగింది. పైకి నున్నగానే ఉన్నా లోపలంతా చెదలు.

బరువు సంగతీ చెప్పాడు. మన దేశపు ప్రమాణాల ప్రకారం, మనుషులు ఉండే గదిని చదరపు మీటరుకి సుమారు 200 కిలోలు మోసేలా కట్టాలి. పది అడుగులకి పన్నెండడుగుల గదంటే రెండు టన్నుల పైమాటే. మంచాలు, బీరువా, గెంతే పిల్లలు అందులోకే వస్తారు. జాడీలూ పెట్టెలూ పెట్టుకోవడానికి వేసిన పలకలు ఇంత మోస్తాయని ఎలా అనుకుంటాం? దానికి తోడు పైకి మెట్ల కోసం ఇంకో దూలం కోస్తారు, గోడకి కన్నం పెడతారు. రాత్రి ఏదైనా జరిగితే పిల్లలు దిగడానికి ఆ ఒక్క దారే.

ఫ్లాట్లలో ఉన్నవాళ్ళు నవ్వుకోకండి. బాత్రూమ్ పైనా వంటింటి పైనా ఉండే లాఫ్ట్ మీద పరుపు వేసి "పిల్లాడి స్టడీ రూమ్" అని మురిసిపోయేవాళ్ళని నేను చూశాను. ఆ పల్చటి పలక సామాను కోసం పోసింది. గోడలోంచి బయటికి చాచి ఉన్నదైతే మరీ భయం. లోపల ఇనుము ఎక్కడ వేశారో మనకి కనబడదు.

ఇదంతా చెబితే మా మరిది మొహం మాడ్చుకున్నాడు. మావారు "నీకన్నీ అనుమానాలే" అన్నారు. అప్పటిదాకా మాట్లాడని మా అత్తగారు మాత్రం, "మీ మామగారు అటకెక్కితే దూలాల మీదే అడుగు వేసేవారు, పలకల మీద వేసేవారు కాదు. పిల్లల్నయితే అసలు ఎక్కనిచ్చేవారే కాదు" అన్నారు. ఇంట్లో తెలిసిన విషయమే. మనమే అడగలేదు.

ఇంటికి మార్పులు చెయ్యొద్దని నేననను. దూలాలు మార్చి, గోడలకి బలం చేకూర్చి, లెక్క ప్రకారం కడితే అటకా గది అవుతుంది. అయితే ఆ ఖర్చు మేస్త్రి చెప్పిన ఖర్చు కాదు. అది కలిపి చూసుకుంటే పెరట్లో వేరే గది వేసుకోవడమే నయమనిపించింది మాకు.

నేను చెప్పేదొక్కటే. చీర కొనేటప్పుడు అంచు తిరగేసి చూస్తాం. పిల్లలు పడుకునే చోటు గురించి అడగడానికి మాత్రం మొహమాటపడతాం. రంగులూ కర్టెన్లూ మనల్ని అడుగుతారు, దూలాల సంగతి మగవాళ్ళూ మేస్త్రీ మాట్లాడుకుంటారు. ఈసారి మీ ఇంట్లో ఎవరైనా "ఇది కోసేస్తే సరి" అంటే, "అది దేన్ని మోస్తోంది?" అని అడగండి. సమాధానం తెలిసినవాళ్ళు వచ్చేదాకా రంపం పట్టనివ్వకండి. చాదస్తం అంటారు, అననివ్వండి.