బలము మందు దోమతెరకు బదులు కాజాలదు

ఆరోగ్యమే మహాభాగ్యమని తెలుగువారును, ఆరోగ్యము వేయి వరములకు సాటియని ఉర్దూవారును తరతరములుగా చెప్పుకొనుచున్నారు. భాషలు రెండైనను భావమొక్కటే. అయితే ఆ భాగ్యమును పొందు మార్గమేది యను ప్రశ్న వచ్చినప్పుడు మనము తరచుగా సులభమైన త్రోవనే వెదకుచుందుము. బిడ్డకు మాటిమాటికి జ్వరము వచ్చుచున్నదన్న తల్లికి ఇరుగుపొరుగువారు చెప్పు తొలి సలహా, "ఒక బలము మందు సీసా కొని తాగించమ్మా" అన్నదే. బలమున్న ఒంటికి చలిజ్వరము రాదని కొందరి నమ్మకము. మరికొందరు ఇందుకు విరుద్ధముగా, ఇనుము మందు వేడిచేయునని భయపడి, ఉచితముగా ఇచ్చిన సీసాను సైతము అటకమీద పెట్టుదురు. ఈ రెండు అభిప్రాయములలో సత్యమెంత? ఇనుము, జింకు, విటమిన్లు మున్నగు సూక్ష్మపోషకములు అయిదేండ్లలోపు పసివారిని మలేరియానుండి కాపాడగలవా? హిందూపురము, పెనుకొండ, ధర్మవరము ప్రాంతములలోని మన ఇండ్లకు ఈ ప్రశ్నతో గల సంబంధమేమి? ఈ విషయమున నా అభిప్రాయమును విద్యార్థి మిత్రుల యెదుటను, కళాశాల కమిటీ పెద్దల యెదుటను ఉంచుటయే ఈ వ్యాసము ఉద్దేశము.

మలేరియా రహస్యము బయటపడినది మన తెలుగుగడ్డ మీదనే. 1897 ఆగస్టు 20వ తేదీన సికిందరాబాదులో రొనాల్డ్ రాస్ అను వైద్యుడు అనాఫిలిస్ దోమ కడుపులో మలేరియా పరాన్నజీవిని కనుగొనెను. ఆ కృషికి 1902లో ఆయనకు నోబెల్ బహుమానము లభించినది. ఈ పరాన్నజీవి దోమకాటుతో శరీరములో ప్రవేశించి, మొదట కాలేయములో పెరిగి, పిదప ఎర్ర రక్తకణములలో చొరబడి వానిని పగులగొట్టును. అందువలన మలేరియా వచ్చిన బిడ్డకు రక్తహీనత కలుగును. రక్తహీనతతో నీరసించిన బిడ్డకు మరల జ్వరము వచ్చినచో తట్టుకొను శక్తి తక్కువ. కావున పోషకములతో బిడ్డను బలపరచినచో మలేరియాను అడ్డగించవచ్చునను తలంపు శాస్త్రజ్ఞులకు కలుగుట సహజమే.

ఈ తలంపును పరీక్షించుటకు మలేరియా అధికముగా గల దేశములలో పరిశోధనలు జరిగినవి. పాపువా న్యూగినీలో పసిపిల్లలకు మూడు మాసములకొక పర్యాయము ఎ విటమిను ఇచ్చి చూడగా, ఫాల్సిపేరమ్ అను ప్రమాదకరమైన జాతి మలేరియా జ్వరములు సుమారు 30 శాతము తగ్గినవని 1999లో ప్రకటించిరి. అదే దేశములో జింకు ఇచ్చినప్పుడు, ఆ మలేరియాతో పిల్లలు ఆరోగ్యకేంద్రమునకు వచ్చుట 38 శాతము తగ్గినట్లు 2000లో తెలిసినది. ఇంకేమి, మందు దొరికినదని సంతోషించవచ్చును గదా! కాని మరుసటి సంవత్సరమే ఆఫ్రికాలోని బుర్కినాఫాసోనుండి వేరొక ఫలితము వచ్చినది. అచ్చట జింకు వలన విరేచనములు తగ్గినవి గాని మలేరియా తగ్గలేదు. 2011లో టాంజానియానుండి వెలువడిన పరిశోధనలో, జింకు గాని పలు పోషకముల మిశ్రమము గాని మలేరియాను తగ్గించిన జాడ కనిపించలేదు. ఒకచోట ఫలించి మరియొకచోట విఫలమైన దానిని రక్షణకవచమని నమ్మి, బిడ్డను దోమలకు వదలుట వివేకము కాదు.

ఇనుము సంగతి ఇంతకంటె చిక్కైనది. టాంజానియాకు చెందిన పెంబా దీవిలో మలేరియా తీవ్రముగా ఉండెడిది. అచ్చట మూడేండ్లలోపు పిల్లలకు ప్రతిదినము ఇనుమును, ఫోలిక్ ఆమ్లమును ఇచ్చి చూచిరి. మేలుకు బదులు కీడు కనిపించుటచే 2003లో ఆ మందును మధ్యలోనే ఆపివేసిరి. దానిని పుచ్చుకొన్న పిల్లలలో ఆసుపత్రి పాలగుటయో మరణించుటయో 12 శాతము అధికమైనదని 2006లో ప్రకటించిరి. అదే సంవత్సరము నేపాలునుండి వచ్చిన ఫలితములో, మలేరియా బెడద లేని చోట ఇనుము వలన అట్టి కీడు కనబడలేదు. పెంబాలోనే మరియొక ముఖ్యాంశము తెలిసినది. ముందునుండి ఇనుము కొరత కలిగి, జ్వరము వచ్చినప్పుడు మలేరియా పరీక్షయు చికిత్సయు లభించిన పిల్లలకు ఇనుము మేలే చేసినది. అనగా దోషము ఇనుములో లేదు. దోమను, జ్వరమును పట్టించుకొనకుండ ఇనుమును మాత్రము పంచుటలో ఉన్నది. అందుచేతనే ప్రపంచ ఆరోగ్య సంస్థ, మలేరియా గల ప్రాంతములలో నివారణ, పరీక్ష, చికిత్సల ఏర్పాటుతో కలిపియే పసివారికి ఇనుము ఈయవలెనని 2016లో సూచించినది.

ఇందుకు కారణము శరీరధర్మములోనే ఉన్నది. బిడ్డకు వలెనే పరాన్నజీవికిని పెరుగుటకు ఇనుము కావలెను. కనుక జ్వరము వచ్చినప్పుడు మన కాలేయము హెప్సిడిన్ అను పదార్థమును అధికముగా తయారుచేసి, ప్రేగులనుండి ఇనుము రక్తములోనికి రాకుండ తలుపు వేయును. శత్రువు ముట్టడించినప్పుడు కోటలోని ధాన్యపు కొట్లకు తాళము వేయుట వంటిది ఇది. పెనుకొండ కోటను చూచినవారికి ఈ పోలిక సులభముగా బోధపడును. తాళము వేసియున్న వేళ వాకిట బస్తాలు దింపినందున ప్రయోజనము లేదు. జ్వరము తగ్గి తాళము తీసిన పిదప అందించిన గింజయే లోనికి పోవును.

మరి పోషకములు నిరర్థకములా? ఎంతమాత్రము కావు. ఒక్కొక్క పోషకమునకు ఒక్కొక్క పని కలదు. 1918లో కూనూరులో చిన్న పరిశోధనగా ఆరంభమై, 1958లో హైదరాబాదుకు తరలివచ్చి, 1969లో జాతీయ పోషకాహార సంస్థయను పేరు పొందిన విజ్ఞాన కేంద్రము మన భాషాప్రాంతమునకు గర్వకారణము. పసివారి అంధత్వమును నివారించుటకై ఆరు మాసములకొక పర్యాయము పెద్ద మోతాదులో ఎ విటమిను ఇచ్చు పద్ధతికి ఆ సంస్థ కృషి పునాది వేయగా, 1970లో అది దేశవ్యాప్త కార్యక్రమమైనది. అట్లే విరేచనములతో బాధపడు బిడ్డకు ఓఆర్ఎస్ ద్రావణముతోపాటు 14 దినములు జింకు ఇచ్చుట మేలైన చికిత్స. ఇనుము రక్తహీనతకు మందు. ఎ విటమిను కంటిని కాచును, జింకు కడుపును కాచును, ఇనుము రక్తమును కాచును. దోమను మాత్రము ఇవి ఏవియు ఆపలేవు.

ఇక మన సీమ సంగతి విచారింతము. 2022 వరకు అనంతపురము జిల్లాలో ఉండి, నేడు శ్రీ సత్యసాయి జిల్లాలో చేరిన ఈ మూడు పట్టణములు వర్షాభావమునకు పేరుపడినవి. ఆంధ్రప్రదేశములో నేడు మలేరియా బెడద అధికముగా ఉన్నది ఉత్తరాంధ్ర మన్యములోనే గాని మన వైపు కాదు. కావున పెంబా దీవి భయమును తెచ్చి మన పిల్లల ఇనుము మందుకు అడ్డుపెట్టుట న్యాయము కాదు. మన ఇంటి శత్రువు రక్తహీనత. 2015-16 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము ఆంధ్రప్రదేశములో ఆరు నెలలనుండి అయిదేండ్ల వరకు గల పిల్లలలో 58.6 శాతమునకు రక్తహీనత ఉండెను. 2019-21 సర్వే నాటికి అది 63.2 శాతమైనది. తగ్గవలసినది పెరిగినది! ధర్మవరపు మగ్గము మీద పట్టుచీర నేయు ఇంటను, హిందూపురపు చింతపండు మండీలో మూటలు మోయు ఇంటను, ప్రతి పదిమంది పసివారిలో ఆరుగురు పాలిపోయి ఉన్నారన్న ఊహ మనలను నిద్రపోనీయరాదు.

2018లో ఆరంభమైన అనీమియా ముక్త్ భారత్ కార్యక్రమము ప్రకారము, ఈ వయస్సు పిల్లలకు వారమునకు రెండు పర్యాయములు ఒక్కొక్క మిల్లీలీటరు చొప్పున మందు ఈయవలెను. అందులో 20 మిల్లీగ్రాముల ఇనుమును, 100 మైక్రోగ్రాముల ఫోలిక్ ఆమ్లమును ఉండును. ఆశా కార్యకర్త సీసాను ఇంటికి తెచ్చి, తల్లికి చూపి ఇచ్చు ఏర్పాటు కలదు. జ్వరము, విరేచనములు, న్యుమోనియా వంటివి ఉన్నప్పుడు ఆపి, కోలుకొన్న పిదప మరల మొదలిడవలెను. తలసీమియా గల పిల్లలకును, మిక్కిలి కృశించిన పిల్లలకును వైద్యుని సలహా లేక ఈయరాదు. ఈ మందు వలన మలము నల్లబడినను భయపడవలసిన పనిలేదు. ఇంత సులభమైన నియమము తెలియకపోవుటచేతనే సీసాలు అటకలెక్కుచున్నవని నా అభిప్రాయము.

వానలే లేని చోట దోమలెక్కడివని కొందరు ప్రశ్నింపవచ్చును. ఆ నీటికరవే మన దోమలకు నెలవు కల్పించుచున్నది. కుళాయి ఎప్పుడు వచ్చునో తెలియని ఇంటిలో తొట్లు, డ్రమ్ములు, సంపులు నింపి దాచుకొనక తప్పదు. పట్టణములలో మలేరియాను వ్యాపింపజేయు అనాఫిలిస్ స్టెఫెన్సీ దోమ అట్టి నిలువనీటిలోనే గ్రుడ్లు పెట్టును. డెంగీ దోమయు అంతే. గ్రుడ్డు దోమగా మారుటకు వారము పది దినములు పట్టును. కావున వారమునకొకనాడు తొట్టిని ఖాళీచేసి, రుద్ది, ఎండబెట్టి, మూత వేసినచో ఒక తరము దోమలు పుట్టకముందే నశించును. ఇందుకు ఖర్చు శూన్యము.

మలేరియా తగ్గినదిగదా యని ఏమరుట ఎంత ప్రమాదమో మన దేశ చరిత్రయే చెప్పుచున్నది. స్వాతంత్ర్యము వచ్చిన నాటికి ఏటా సుమారు 7.5 కోట్లమంది ఈ జ్వరమునకు గురియగుచుండిరి. 1953లో జాతీయ కార్యక్రమము ఆరంభమైన పిదప, 1965 నాటికి అది సుమారు లక్షకు దిగినది. అంతట జాగ్రత్త సడలినది. 1976లో 64 లక్షలమందికి మలేరియా సోకినది. మన వైపునుండి బ్రతుకుతెరువుకై దూరప్రాంతములకు పోయి వచ్చువారు అనేకులు. వారిలో ఎవరికైనను, వారి ఇంటి పసివారికైనను చలితో జ్వరము వచ్చినచో, బలము మందు కొనుటకు ముందు రక్తపరీక్ష చేయించుట మొదటి కర్తవ్యము.

ఆహారమును మరువరాదు. మన రాగి ముద్ద, జొన్నరొట్టె, ఉలవలు, అలసందలు, మునగాకు పేదవాని పోషకములు. మాంసాహారుల ఇండ్లలో కలీజా ముక్క చిన్నదైనను ఇనుమును, ఎ విటమినును ఇచ్చును. భోజనముతోపాటు నిమ్మకాయయో, జామపండో, ఉసిరికాయయో ఉన్నచో ధాన్యములలోని ఇనుము బాగుగా ఒంటబట్టును. అన్నము తిన్న వెంటనే టీ త్రాగినచో తగ్గును. పసిబిడ్డకు టీలో ముంచిన బన్ను పెట్టి ఆకలి తీర్చు అలవాటు ఇంటింట మానవలెను.

చివరగా మన కర్తవ్యము. మన కళాశాలలో రెండు భాషలున్నవి. ఇది అలంకారము కాదు, సాధనము. ఆశా కార్యకర్త తెలుగులో చెప్పిన మాట, ఉర్దూ మాత్రమే ఎరిగిన నానీకి చేరకపోయిన ఆ సీసా వృథా. కావున కళాశాల కమిటీవారు ఒక చిన్న కరపత్రమునకు ధనసహాయము చేయవలెనని మనవి. ఇనుము మందు ఏ దినములలో ఈయవలెనో, ఎప్పుడు ఆపవలెనో, జ్వరము వస్తే ఎచ్చట రక్తపరీక్ష చేయింపవలెనో, ఒక ప్రక్క తెలుగులోను మరియొక ప్రక్క ఉర్దూలోను అచ్చువేయింపవలెను. ఆరోగ్యకేంద్రపు వైద్యునికి చూపిన పిదపనే దానిని పంచవలెను. 1969లో ఆరంభమైన జాతీయ సేవా పథకము ఇట్టి పనులకే ఉద్దేశింపబడినది. దాని విద్యార్థులు తలకొక వీధి చొప్పున తీసుకొని, వారమునకొక పర్యాయము తొట్లను చూచి రావచ్చును.

సోదర సోదరీమణులారా! సీసాలోని మందు బిడ్డ రక్తమును నిలుపును; దోమతెర బిడ్డ నిద్రను కాచును; పరీక్ష బిడ్డ ప్రాణమును కాచును. ఈ మూటిలో ఒకటి ఉన్నదిగదా యని తక్కిన రెండింటిని విడనాడుట తగదు. మన వీధిలో పాలిపోయిన బిడ్డ యొక్కడైనను ఉన్నంత కాలము, మన పట్టాలకు పూర్తి విలువ వచ్చినట్లు కాదు.