ఇంటి ముచ్చట్లు: అసలూ, నకలూ

గత మాసం ఈ శీర్షికలో పాత ఉత్తరాలను చెదల బారినుండి కాపాడుకోవడం గురించి ముచ్చటించుకున్నాము. అది చదివి ఒక సోదరి, "ఉత్తరాల మాట సరే, మా అటకమీద చిన్న సినిమా రీళ్ళున్నవి. వాటిలో మంచి మంచి ముక్కలు ఏరి ఒక్క రీలుగా అతికించి, పెళ్ళిలో వేసి చూపవచ్చునా?" అని అడిగింది. ఈ విషయంలో మాకు కొంత అనుభవం ఉన్నది. ఆ అనుభవంలో ఒక తప్పు కూడా ఉన్నది. తప్పును దాచి నీతి మాత్రం చెప్పడం న్యాయం కాదు గనుక రెండూ చెబుతాము.

ఫిలిం ముక్కల పిచ్చి మాకు చిన్ననాటిది. 1980ల్లో మా షోలాపురం పూర్వ భాగంలో పిల్లలమంతా సినిమాహాళ్ళ వెనుక పారవేసిన ముక్కలు ఏరుకొచ్చేవాళ్ళము. మాడిపోయిన కరెంటు బుడ్డిలోని తీగలు పీకివేసి, నీళ్ళు నింపి, దాని ముందు ముక్కను పట్టుకుని, వాకిట్లోంచి ఒకడు అద్దంతో ఎండను లోపలికి కొడితే, చీకటి గది గోడమీద బొమ్మ పడేది. ఆ బొమ్మ కదలదు, పలకదు. అయినా కిరీటం పెట్టుకున్నవాడు కనబడితే చాలు, గదంతా కేకలే. మా అమ్మ చీపురు పట్టుకుని వచ్చేదాకా ఆట సాగేది.

ఆ పిచ్చి ఎరిగిన మన సంఘం కార్యదర్శిగారు 2023లో మాకు ఒక పని అప్పగించారు. శ్రావణ పూర్ణిమకు మార్కండేయస్వామి రథం బయలుదేరుతుంది గదా, దాని ముందునాటి సాయంత్రం సభలో పాతకాలపు షోలాపురాన్ని తెరమీద చూపాలన్నది వారి కోరిక. మన పేటలోని ఒక పెద్దామె ఇంట్లో పదకొండు రీళ్ళున్నవి. ఆమె పెనిమిటి మరమగ్గాల కార్ఖానా నడిపినవారు. 1964 మొదలు ఏడెనిమిదేళ్ళపాటు చేతి కెమేరాతో తీసినవి. రథోత్సవం, సంక్రాంతికి సిద్ధేశ్వరుని గడ్డా జాత్రలో నంది ధ్వజాల ఊరేగింపు, బతుకమ్మలు, చాదర్లు నేసే మగ్గాలు, పెళ్ళిళ్ళు, ఇంటి పిల్లలు అన్నీ ఉన్నవి. ఆయన గతించి చాలా ఏళ్ళయింది. "తీస్కపో బిడ్డా, నలుగురు చూస్తే ఆయన కష్టం ఫలిస్తది" అని అవ్వ డబ్బా మా చేతిలో పెట్టింది.

ఇక్కడ చిన్న ఫిలిం సంగతి కొంత చెప్పుకోవాలి. సినిమాహాలులో ఆడిన ఫిలిం వెడల్పు 35 మిల్లీమీటర్లు. ఇండ్లకూ బడులకూ 1923లో 16 మిల్లీమీటర్లది వచ్చింది. ఖర్చు ఇంకా తగ్గించడానికి 1932లో 8 మిల్లీమీటర్లది వచ్చింది. 1965లో వచ్చిన సూపర్ 8 వెడల్పు కూడా అంతే. కాని చూసి మోసపోరాదు. సూపర్ 8కు అంచు చిల్లులు చిన్నవి, బొమ్మ పెద్దది. పాత 8కు చిల్లులు పెద్దవి, రెండు బొమ్మల మధ్య గీత దగ్గర ఉంటవి. సూపర్ 8లో అవి బొమ్మకు నడుమ పక్కన ఉంటవి. ఈ రెండింటినీ ఒకే రీలులో అతికిస్తే ప్రొజెక్టరు పళ్ళు ఫిలింను నమిలివేస్తవి.

గుమాస్తా పని చేసేవాళ్ళము గనుక లెక్క మాకు సులువుగా పట్టుబడింది. పాత 8లో అడుగుకు 80 బొమ్మలు. సెకనుకు 16 చొప్పున తిప్పితే అడుగుకు అయిదు సెకండ్లు. యాభై అడుగుల రీలు నాలుగు నిమిషాల పది సెకండ్లు ఆడుతుంది. సూపర్ 8లో అడుగుకు 72 బొమ్మలు. సెకనుకు 18 చొప్పున అడుగుకు నాలుగు సెకండ్లు. అవ్వ రీళ్ళన్నీ పాత 8వే. పదకొండు రీళ్ళకు 550 అడుగులు, అంటే ముప్పావుగంటకు కాస్త పైన. కార్యదర్శిగారు ఇచ్చినది పన్నెండు నిమిషాలు. కాబట్టి 144 అడుగులు ఉంచాలి, మిగిలినవి తీయాలి.

ముక్కలు ఏరి అతికి కథ చెప్పడం కొత్త విద్య కాదు. రష్యాలో ఎస్ఫిర్ షుబ్ అనే ఆమె 1927లో పాత వార్తా చిత్రాలూ, జారు చక్రవర్తి ఇంటి చిత్రాలూ ఏరి, రొమనోవ్ వంశ పతనాన్ని ఒక పూర్తి చిత్రంగా కూర్చింది. చక్రవర్తి ముచ్చటపడి తీయించుకున్న బొమ్మలే ఆయన పతనానికి సాక్ష్యం చెప్పినవి. ఒక ముక్క పక్కన ఏ ముక్క పెడతామో దానినిబట్టి అర్థం మారుతుందని ఆ కాలంవారు గట్టిగా నమ్మారు. మేమూ మా చిన్న రీలులో అది చూశాము. మగ్గంమీద ఆడే చేతుల పక్కన బతుకమ్మ చుట్టూ చరిచే చేతులు పెడితే, మా ఇంట్లోవాళ్ళు ఎవరూ చెప్పకుండానే నవ్వారు.

పని ఇట్లా సాగింది. ముందు రీళ్ళను వాసన చూశాము. పాత ఫిలిం పాడవడం మొదలయితే పులిసిన కాడి వాసన వస్తుంది. అవ్వ రీళ్ళకు లేదు, సంతోషం. పోగులు రాలని మెత్తని గుడ్డతో తుడిచాము. తర్వాత ఒక చిట్టా పుస్తకం తెరచి, రీలు సంఖ్య, ఎన్నో అడుగు, ఎన్ని బొమ్మలు, అందులో ఏమున్నది అని వరుసగా రాసుకున్నాము. ముఖం దగ్గరగా ఉన్న ముక్కకు మూడు సెకండ్లు చాలును. గుంపు ఉన్న ముక్కకు ఆరేడు సెకండ్లయినా కావాలి, ఏలననగా చూసేవాడు అందులో తనవాళ్ళను వెతుక్కుంటాడు.

అతుకులు రెండు విధాలు. మందు అతుకులో ఒక కొస పైపూతను గీకి, రెండో కొసను దానిమీద పెట్టి ద్రావకం పూస్తే రెండూ కరిగి ఒకటవుతవి. ఇది పాత ఎసిటేటు ఫిలింకే పనికివస్తుంది, పాలియెస్టరు ఫిలింకు అంటదు. రెండోది టేపు అతుకు. ఫిలింకోసమే చేసిన టేపు వాడాలి. ఆఫీసులో కాగితాలకు అంటించే టేపు వేస్తే జిగురు కారి చుట్టలన్నీ ఒకదానికొకటి పట్టుకుంటవి. కమిటీలో ఒకరు పాత తెలుగు సినిమా ముక్కలు కూడా మధ్యలో వేయమన్నారు. వెడల్పు కుదరదని చెప్పాము. పైగా సినిమాపై నిర్మాతకు, విడుదలైన మరుసటి సంవత్సరం మొదలు అరవై ఏండ్లు హక్కు ఉంటుందని కూడా గుర్తుచేశాము.

ఇంతవరకు అంతా శాస్త్రోక్తమే. ఇక తప్పు వినండి.

మందు అతుకు మాకు కొత్త. చేయి తిరగడానికి ఒక పనికిరాని ముక్క కావాలి. ఏడో రీలు చివర మూడడుగుల ముక్క ఒకటి ఉన్నది. వంకరగా, వణుకుతూ, సగం చీకటిగా ఎవరో మనిషి మగ్గం పక్కన నిలబడి ఉన్నాడు. చిట్టాలో "చెడిపోయినది" అని రాసి, దానిమీద కత్తెర పెట్టాము. కోశాము, గీకాము, అతికాము, ఊడింది, మళ్ళీ కోశాము. నాలుగోసారికి చేయి కుదిరింది. ఆ ముక్కలను టీపొడి డబ్బాలో పడవేశాము.

సభకు వారం ముందు అవ్వను మా ఇంటికి పిలిచి రీలు వేసి చూపాము. ప్రొజెక్టరు పుణే జూనా బజారులో కొన్నది, టకటకమని పాత మగ్గంలా చప్పుడు చేస్తుంది. అవ్వ పన్నెండు నిమిషాలూ కదలక చూసింది. చచ్చిపోయిన ఆడపడుచును పేరు పెట్టి పిలిచింది. దీపం వేశాక మెల్లగా అడిగింది:

"అన్నీ మంచిగున్నయి బిడ్డా. ఆయన ఏడి?"

"ఆయనే గదా అవ్వా ఇవన్నీ తీసింది, కెమేరా వెనుక ఉన్నాడు" అన్నాము.

"ఒక్కపారి ముందటికొచ్చిండు. మా పెద్దోడు ఆరేండ్లోడు, కెమేరా గుంజుకొని తీసిండు. మగ్గం కాడ. ఆయన నవ్వుకుంట వచ్చి కెమేరా అందుకున్నడు. గదొక్కటే ఉండె."

మాకు నోట మాట రాలేదు. టీపొడి డబ్బా బోర్లించాము. పనికివచ్చేవి రెండు ముక్కలే దొరికినవి. ఒకటి 60 బొమ్మలు, ఒకటి 82. మూడడుగులకు 240 ఉండాలి. మిగిలిన 98 బొమ్మలు మా గీకుడులోనూ, ద్రావకంలోనూ, చీలిన చిల్లులలోనూ పోయినవి. మొదటి ముక్కలో ఆయన మగ్గం పక్కన నిలబడి, కెమేరా ఎట్లా పట్టుకోవాలో పిల్లవానికి చేత్తో చూపుతున్నాడు. రెండో ముక్కలో దగ్గరకు వస్తున్నాడు, అరచేయి వచ్చి అద్దాన్ని కప్పుతుంది. నడుమ ఆరు సెకండ్లు లేవు.

"నడుమనే నవ్విండు" అన్నది అవ్వ. అంతే, మమ్మల్ని ఒక్క మాట అనలేదు. తిట్టి ఉంటే కొంత తేలికపడేవాళ్ళము.

ఇంట్లో తీసిన ఇటువంటి ఫిలింకు సాధారణంగా వేరే నెగటివు ఉండదు. కెమేరాలో తిరిగిన ఫిలిమే రసాయనంలో కడిగాక తెరమీద ఆడే బొమ్మ అవుతుంది. అంటే ప్రపంచంలో అది ఒక్కటే. ఈ సంగతి మాకు పుస్తకంలో చదివి తెలుసు. ఇంకా సిగ్గుచేటు ఏమంటే, ఆఫీసులో ఇరవైయేళ్ళుగా మా పని నకళ్ళమీద "అసలుకు సరియైనది" అని ముద్ర వేయడం. ఎంతటి అధికారి అడిగినా అసలు దస్తావేజు బల్ల దాటనివ్వము. అటువంటి మేము ఇంటికి వచ్చి అసలును కోశాము, నకలు లేకుండానే.

ఆ రెండు ముక్కలను టేపుతో అతికి, రీలు చివర పెట్టాము. సభలో ఆ తొమ్మిది సెకండ్లూ ఎవరో ఏమో అనుకుని కొందరు అప్పటికే లేచి నిలబడ్డారు. ముందు వరుసలో అరవై దాటిన ఒక పెద్దమనిషి మాత్రం తల వంచుకుని కళ్ళు తుడుచుకున్నాడు. ఆ ఆరేండ్ల పెద్దోడు ఆయనే. అవ్వ, "ఇంకొక్కపారి తిప్పు బిడ్డా" అన్నది. తిప్పాము.

తర్వాత మేము చేసిన పని ఒక్కటే చెప్పుకోదగినది. చిట్టా పుస్తకం ఉన్నది గనుక, కోసిన ముక్కలన్నీ తిరిగి తమ తమ రీళ్ళలో పూర్వపు వరుసలో అతికించాము. 2024లో పదకొండు రీళ్ళనూ బొమ్మబొమ్మకూ కంప్యూటరులోకి నకలు తీయించి, ఒక ప్రతి అవ్వ ఇంట్లో, ఒక ప్రతి సంఘంలో పెట్టాము.

కాబట్టి ఉత్తరం రాసిన సోదరికి మా మనవి ఇది. ముందు నకలు తీయించండి. ఏరడం, కూర్చడం, కత్తిరించడం ఎంతయినా ఆ నకలుమీద చేసుకోండి. పెళ్ళిలో ప్రొజెక్టరు చప్పుడుతోనే చూడాలని ముచ్చటగా ఉంటే, సూపర్ 8 ఫిలిం ఇప్పటికీ తయారవుతూనే ఉన్నది. కూర్చిన దానిని దానిమీదికి ఎక్కించి ఆడించవచ్చును, ఖర్చు మాత్రం తక్కువ కాదు. అసలును చల్లగా, పొడిగా ఉండేచోట పెట్టండి. వంటింటి అటక దానికి తగిన చోటు కాదు.

ఇంకొక మాట. చెడిపోయినదని తోచిన ముక్కను పారవేయకముందు ఇంట్లో పెద్దవాళ్ళను పిలిచి చూపండి. అది ఎవరిదో వాళ్ళకు తెలుస్తుంది.

వచ్చే మాసం పాత ఫోటోల వెనుక పేర్లు రాసే పద్ధతి గురించి ముచ్చటించుకుందాము. అంతవరకు సెలవు.