మిరుగం నాటి వాలుగ

మిరుగం నాడు చేప తినాలె. షోలాపూర్‌కు వచ్చి నాలుగు తరాలైనా మన ఇండ్లల్లో ఈ మాట పోలేదు. మగ్గం పోయింది, మిల్లు పోయింది, పిల్లల నోట్లో తెలుగు సగం మరాఠీ అయింది. కానీ జూన్ 7, 8 తారీకుల్లో మిరుగం కార్తె రాగానే సిరిసిల్ల దిక్కు నుంచి వచ్చినవాళ్ల ఇంట్లో చేపల పులుసు ఉడకవలసిందే. మా బాపు మిల్లు పనికి వచ్చినప్పుడు సద్దిమూటతో పాటు ఈ అలవాటును కూడా మోసుకొచ్చాడు.

ఈసారి నేను సంచి పట్టుకొని బయలుదేరుతుంటే మనవడూ మనవరాలూ వెంటపడ్డారు. బళ్లు ఇంకా తెరవలేదు, ఇంట్లో ఉంటే ఫోను కోసం కొట్టుకుంటారు, రమ్మన్నాను. వాడికి పదేళ్లు, దానికి ఏడు. తొవ్వ పొడుగునా వాడిది ఒకటే ముచ్చట. ముందురోజు రాత్రి ఫోనులో అరపైమా అనే చేపను చూశాడట. అమెజాన్ నదిలో ఉంటుందట, మనిషి కంటే పొడుగట, నీళ్లల్లో ఉండి కూడా గాలి పీల్చుకోవడానికి పైకి వస్తుందట, దాని పొలుసులను పిరాన్యా పళ్లు కూడా చీల్చలేవట. అవన్నీ నిజమే. నేను ఊకొడుతూ నడిచాను.

"తాతా, మన దగ్గర గిసొంటిది ఒక్కటి గూడ లేదా?"

"ఎందుకు లేదు? వాలుగ ఉన్నది గదా."

"వాలుగ అంటే?"

నేను తొవ్వలో ఆగిపోయాను. వీడికి చిలాపి తెలుసు, రవ్వ తెలుసు, బొచ్చె తెలుసు. ఏడు సముద్రాల అవతలి అరపైమా తెలుసు. మన భీమా నదిలో, గోదావరిలో, కృష్ణలో ఉండే అంత పెద్ద వేటచేప పేరు వాడు వినలేదు. తప్పు వాడిది కాదు. నేను ఎన్నడూ చెప్పలేదు.

మా అదృష్టం కొద్దీ ఆ రోజు బజారులో ఒకటి ఉంది. ఉజనీ దిక్కు నుంచి చేపలు తెచ్చే మావ్‌శీ ఒకామె ఉంది, ఆమె దగ్గర నేను ఇరవై ఏండ్లుగా కొంటున్నా. ఆమె గోనెసంచి మీద పరిచి పెట్టింది. నా చెయ్యంత పొడుగు. అది చిన్నదే. రెండు మీటర్లు దాటుతుందని పుస్తకాల్లో ఉంది. ఈ రోజుల్లో బజారుకు వచ్చేవి చాలావరకు చెయ్యంతవే.

మనవరాలు నా వెనక దాక్కున్నది. దాని భయం నోరు చూసి. వాలుగకు తల ముందు భాగమంతా నోరే. చీలిక కన్నును దాటి వెనక్కు పోతుంది. మూసి ఉన్నా నవ్వుతున్నట్టు ఉంటుంది, ఆ నవ్వు మంచిది కాదు. నేను పిల్లను ముందుకు తొయ్యలేదు. ఇక్కడ తల్లిదండ్రులకు ఒక మాట చెప్పాలె. పిల్లలు భయపడితే "గంతకే భయమా" అని ఎగతాళి చెయ్యకండి, చెయ్యి పట్టి ముట్టించనూ వద్దు. వాళ్లకు ఏదో ఒక పని ఇవ్వండి, భయం దానంతట అదే పోతుంది. నేను "దాని కన్ను ఎక్కడున్నదో చూసి చెప్పు" అన్నాను.

అది నా లుంగీ పట్టుకొనే వెతికింది. కాసేపటికి "గింతేనా?" అన్నది.

అంతే మరి. శనగగింజంత కన్ను, నోటి మూలకు కొంచెం పైన. మన పాత కవులు అందగత్తెను వాలుగంటి అన్నారు, అంటే వాలుగ లాంటి కన్నులు గలది అని. ఆ కవులు చేపను పక్క నుంచి చూసి ఆ కోల ఆకారాన్ని మెచ్చుకొని ఉంటారు. ముందు నుంచి చూసి ఉంటే ఆ పోలిక ఇంకెవరికైనా పెట్టేవాళ్లు.

కన్ను ఎందుకు చిన్నదని వాడు అడిగాడు. మీసాలు చూపించాను. రెండు జతలు. పై జత బాగా పొడుగు, ఒళ్లు సగం దాకా వస్తుంది. కింది జత పొట్టి. వాలుగ రాత్రిపూట తిరిగే చేప. పగలు నీటి అడుగున, చీకటి చోట కదలకుండా పడి ఉంటుంది. రాత్రి బురద నీళ్లలో కన్నుతో ఏం పని? మీసాలే తడుముతాయి, రుచి పసిగడతాయి. మూడో షిఫ్టు చేసినవాళ్లకు ఇది చెప్పనక్కరలేదు. కరెంటు పోతే మేము దారం తెగిన చోటును వేళ్లతోనే పట్టేవాళ్లం.

పొలుసులు లేవు, ఒళ్లంతా నున్నగా ఉంటుంది. వీపు మీద రెక్క చిన్నది. కడుపు కింద రెక్క మాత్రం తోక దాకా ఒకే పట్టీలాగ సాగుతుంది, చీరె అంచు కుట్టినట్టు. మనవరాలు మెల్లగా వేలు పెట్టి ఆ అంచును తడిమింది. భయం సగం పోయింది.

పళ్ల సంగతి మావ్‌శీయే చూపించింది. ఒక గోనె పీలిక తీసుకొని చేప దవడ మీద లోపలికి తోసింది, జారిపోయింది. వెనక్కు లాగింది, పట్టేసింది, పీచులు తెగాయి. పళ్లు సన్నవి, లెక్కలేనన్ని, అన్నీ గొంతు దిక్కే వంగి ఉంటాయి. నాకు కార్డింగ్ ఖాతా గుర్తొచ్చింది. సిలిండర్ మీద తీగ పళ్లు ఒకే దిక్కు వంగి ఉండేవి గదా. ఒక దిక్కు చెయ్యి తిప్పితే నున్నగా, రెండో దిక్కు తిప్పితే తోలు లేచేది. వాలుగ నోట్లోకి పోయిన చేప ఎంత గుంజుకుంటే అంత లోపలికి పోతుంది. చచ్చిన చేప నోట్లోనైనా పిల్లలను వేలు పెట్టనివ్వకండి. ఆ పళ్లకు ప్రాణం ఉన్నా లేకున్నా ఒకటే.

"తాతా, గిది చెడ్డదా?" అని మనవరాలు అడిగింది.

చేపలు పెంచేవాళ్లను అడిగితే చెడ్డదే అంటారు. చెరువులో రవ్వ పిల్లలు పోసి, అందులో ఒక్క వాలుగ ఉంటే వాళ్ల పెట్టుబడి దాని కడుపులోకి పోతుంది. అందుకే పిల్లలు పొయ్యకముందే దాన్ని పట్టి తీసేస్తారు. నది లెక్క వేరు. అక్కడ చిన్న చేపను తినే చేప ఉంటుంది, దాన్ని తినేది ఇంకోటి ఉంటుంది. మనుషులను వేటాడే చేప కాదిది. నాకు తెలిసినంత నేను చెప్పాను. పిల్లకు అది చాల్లేదు. "మరి గది తినే చేపలకు చెడ్డదే గదా" అన్నది. అవునన్నాను.

అప్పుడు మావ్‌శీ చేపను వెల్లకిలా తిప్పి కడుపు నొక్కింది. లోపల నుంచి పచ్చటి గింజలు కనబడ్డాయి. "గాబోళీ ఆహే" అన్నది సంతోషంగా. గుడ్ల చేప అయితే గిరాకీ ఎక్కువ. నాక్కూడా నోట్లో నీళ్లూరాయి, దాచుకోవడం ఎందుకు. చిన్నప్పుడు మా అమ్మ ఆ గుడ్లను కారం ఉప్పు పట్టించి పెనం మీద వేయించేది.

మనవడు అడిగాడు: "అంటే దాని కడుపుల పిల్లలున్నయా?"

నేను ఏమీ అనలేదు. మనం మిరుగం నాడు చేప తినాలంటాం. వాలుగ మిరుగం వానల కోసమే ఏడాదంతా ఎదురుచూస్తుంది. కొత్త నీళ్లు రాగానే ఏటికి ఎదురెక్కి, మునిగిన పొలాల్లో, గట్ల వెంబడి గడ్డి ఉన్న చోట గుడ్లు పెడుతుంది. మన పండుగా దాని పురుడూ ఒకటే వారంలో పడ్డాయి. యాభై ఏండ్లుగా తింటున్నా, ఈ రెండూ పక్కపక్కన పెట్టి చూడలేదు.

మా బాపు చెప్పేవాడు, వాగు మొదటిసారి పారిన రాత్రి వాలుగలు పొలాల్లోకి ఎక్కేవని, కంకబద్దల బుట్టలు పట్టుకొని ఊరంతా ఉరికేదని. భుజం మీద వేసుకుంటే తోక నేల మీద ఈడ్చేదట. బాపు ముచ్చట్లలో చేపలు ఏటేటా పెరిగేవి, అది వేరే సంగతి. కానీ ఆ రోజుల్లో బుట్టతో పట్టేవాళ్లు. ఇప్పుడు మరపడవలు, సన్నకన్ను వలలు. ఏటికి అడ్డంగా ఆనకట్టలు. కింది నుంచి ఎదురెక్కే చేపకు తొవ్వ లేదు. ఇట్లా తగ్గుతూ పోయి ప్రపంచంలో అపాయంలో ఉన్న ప్రాణుల పట్టీలో వాలుగ పేరు కూడా చేరింది. పులిది ఉన్న పట్టీయే అది. పులి అంటే అందరికీ తెలుసు.

"మనం కొనకపోతే బతుకుతదా?" అన్నది చిన్నది.

చచ్చిపోయింది బిడ్డా, బతకదు అన్నాను. అబద్ధం చెబితే ఆ పూటకు గడిచేది. మేము మాట్లాడుతుండగానే ఇంకొకాయన వచ్చి బేరం ఆడకుండా తీసుకున్నాడు. రెండున్నర కిలోలు తూగింది. నేను చెరువులో పెంచిన రవ్వ ఒకటి కోయించుకొని ఇంటికి తెచ్చాను.

ఇంట్లో మా ఆమె సంచి విప్పి చూసింది. బజారులో వాలుగ ఉండెనని మనవడు అప్పటికే చెప్పేశాడు. "మిరుగం నాడు గుడ్ల వాలుగ దొరికితే ఇడిసిపెట్టి అస్తివా? నీకేమైన మతి ఉన్నదా?" అన్నది. ముల్లు తక్కువ, ముసలి పళ్లకు అనువైన చేప, అది కూడా గుర్తు చేసింది. ఆమె అన్నదాంట్లో తప్పు లేదు. ఆమె పుట్టిన ఊరిలో వాలుగ పులుసు లేని మిరుగం లేదు. పులుసు మాత్రం మంచిగ చేసింది. వడ్డించేటప్పుడు నా కంచంలో తోక ముక్క వేసింది.

ఆ సాయంత్రం వాడికి ఒక సంగతి చెప్పాను, దానికి వాడు అరపైమాను కాసేపు మరిచిపోయాడు. లోకమంతా శాస్త్రజ్ఞులు ఈ చేపను వల్లాగో అట్టు అంటారు. అట్టు అనగానే ఇద్దరూ నవ్వారు. అది పెసరట్టు అట్టు కాదు. కేరళలో దీన్ని ఆట్టువాళ అంటారు, అంటే ఏటి వాలుగ. మరి వల్లాగో? అది మన వాలుగే. పాట్రిక్ రస్సెల్ అనే స్కాట్లాండు వైద్యుడు విశాఖపట్నంలో ఉండి రెండు వందల చేపల బొమ్మలతో 1803లో పుస్తకం వేశాడు. అక్కడివాళ్లు చేపలను ఏమని పిలుస్తారో విని ఆ పేర్లు ఇంగ్లీషు అక్షరాల్లో రాసుకున్నాడు. మన వాలుగ అందులో వల్లగూ అయింది. పాకిస్తాన్ నుంచి ఇండోనేసియా దాకా ఎక్కడ ఈ జాతి చేప పేరు శాస్త్రంలో రాసినా, తెలుగు బెస్తవాళ్ల నోటిమాటే రాస్తున్నట్టు. "అంటే గది మన మాటా?" అన్నాడు వాడు. మనదే అన్నాను.

మరునాడు వాడికి ఇంకో కోరిక పుట్టింది, ఇంట్లో గాజుపెట్టె పెట్టి పెద్ద చేపను పెంచాలని. రంగుచేపల దుకాణాల్లో మొసలి మూతి చేప పిల్లలు వేలంత ఉన్నప్పుడు అమ్ముతారు. అమెరికా చేప అది, మనిషంత పెరుగుతుంది. పెట్టె చాలక జనం తీసుకుపోయి చెరువుల్లో వదులుతారు. 2023లో కాశ్మీరు దాల్ సరస్సులో కూడా అది దొరికింది. వద్దన్నాను. అలిగాడు. అలగనీ.

బళ్లు తెరిచిన వారం మనవరాలు ఒక బొమ్మ గీసి తెచ్చింది. కాగితం ఈ చివర నుంచి ఆ చివర దాకా చేప. ఇంతింత నోరు, నాలుగు మీసాలు, చుక్కంత కన్ను. కడుపులో పసుపు పెన్సిలుతో చుక్కలు పెట్టింది, లెక్కపెట్టలేనన్ని. కింద పేరు రాసింది. దానికి తెలుగు అక్షరాలు రావు. మరాఠీ అక్షరాల్లో వాలుగ అని రాసింది. టీచరు ఇది ఏ మాట అని అడిగితే మా ఇంటి మాట అని చెప్పిందట.

ఆ బొమ్మను మా ఆమె వంటింట్లో పొయ్యి పక్క గోడకు అంటించింది. వచ్చే మిరుగానికి ఏం వండాలన్నది మా ఇద్దరి మధ్య ఇంకా తేలలేదు. మీ ఇండ్లల్లో ఈ చేపను ఏమంటారో, పెద్దవాళ్లు ఎక్కడ ఎంతది చూశారో పిల్లల చేత రాయించి పంపండి. తెలుగు రాకుంటే వచ్చిన అక్షరాల్లోనే రాయమనండి.