బోర్డర్‌లో ఉంది... పర్వాలేదా?

‘షుగర్ బోర్డర్‌లో ఉందట. మందులేం అక్కర్లేదన్నారు’... ఈ మాట వినపడని ఇల్లు ఇప్పుడు తక్కువే. రిపోర్టు మడిచి బీరువాలో పెట్టేస్తారు. స్వీట్లు మానేస్తానని ఓ మాట అనేస్తారు. ఏ రెండేళ్లకో ఇంకో జబ్బు కోసం ఆసుపత్రికి వెళ్తే, అప్పుడు తెలుస్తుంది బోర్డర్ ఎప్పుడో దాటేశామని!

పరగడుపున షుగర్ 100 నుంచి 125 మధ్య, లేదా మూడు నెలల సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ 5.7 నుంచి 6.4 మధ్య ఉంటే ప్రీడయాబెటిస్ అంటారు. ఐసీఎంఆర్ సాయంతో దేశమంతటా జరిగిన సర్వే లెక్కలు 2023లో వచ్చాయి. షుగర్ వ్యాధి ఉన్నవాళ్లు 10.1 కోట్లు. బోర్డర్‌లో ఉన్నవాళ్లు అంతకన్నా ఎక్కువ... 13.6 కోట్లు.

అంకె హద్దు దాటేదాకా ఆగడమెందుకు, అది ఎందుకు పెరుగుతోందో ఇప్పుడే అడగొచ్చుగా అంటుంది ఫంక్షనల్ మెడిసిన్. అమెరికాలో జెఫ్రీ బ్లాండ్ అనే బయోకెమిస్టు, ఆయన భార్య సుసాన్ 1991లో ఇందుకోసం ఓ సంస్థ పెట్టారు. హైదరాబాద్‌లోనూ ఈ పేరుతో క్లినిక్కులున్నాయి. తిండి, నిద్ర, నడక, ఒత్తిడి అన్నీ కలిపి చూసి మూలం పట్టుకోవాలన్నది వీళ్ల మాట. ఇందులో కొత్తేముంది, మా అమ్మమ్మా ఇదే చెప్పేది అంటారా? నిజమే. కానీ ఆ ‘ఎందుకు’ అన్న ప్రశ్న మాత్రం మంచిది.

తిన్న అన్నం గ్లూకోజుగా మారి రక్తంలో చేరుతుంది. దాన్ని కండరాల్లోకి పంపే పని ఇన్సులిన్‌ది. పొట్టలో, కాలేయంలో కొవ్వు పేరుకుంటే కణాలు ఇన్సులిన్ మాట సరిగా వినవు. క్లోమం మరింత ఇన్సులిన్ పంపుతుంది. ఇలా కొన్నేళ్లపాటు షుగర్ రిపోర్టు నార్మల్‌గానే వస్తుంది కానీ, లోపల క్లోమం డబుల్ డ్యూటీ చేస్తుంటుంది. ఈలోగా ట్రైగ్లిజరైడ్లు పెరుగుతాయి, మంచి కొలెస్ట్రాల్ తగ్గుతుంది, బీపీ పైకి పాకుతుంది. గుండెకీ షుగరుకీ చుట్టరికం ఇక్కడే. అమెరికా డాక్టర్ జెరాల్డ్ రీవెన్ 1988లో ఈ గుంపుకు ‘సిండ్రోమ్ ఎక్స్’ అని పేరు పెట్టారు.

‘నేను సన్నగానే ఉన్నానుగా’ అనేవాళ్ల కోసం ఓ ఫొటో సంగతి. 2004లో లాన్సెట్ పత్రికలో ఇద్దరు డాక్టర్ల ఫొటో వచ్చింది. ఒకరు పుణెకు చెందిన చిత్తరంజన్ యాజ్ఞిక్, రెండోవారు లండన్‌కు చెందిన జాన్ యుడ్కిన్. ఎత్తుకు తగ్గ బరువు లెక్క, అదే బీఎంఐ, ఇద్దరికీ 22.3. ఒంట్లో కొవ్వు మాత్రం యుడ్కిన్‌కు 9.1 శాతం, మన యాజ్ఞిక్‌కు 21.2 శాతం! అందుకే మనకు బరువు మిషన్ కన్నా టైలర్ టేపే నయం. మనవాళ్లలో మగవాళ్ల నడుము 90 సెంటీమీటర్లు, ఆడవాళ్లది 80 దాటితే జాగ్రత్త పడాలి. చివరి పక్కటెముకకీ తుంటి ఎముకకీ మధ్యన, ఊపిరి వదిలాక కొలవాలి. పొట్ట లోపలికి బిగబట్టకుండా సుమా!

మారితే ఫలితం ఉంటుందా? చెన్నైలో డాక్టర్ ఎ.రామచంద్రన్ బృందం బోర్డర్‌లో ఉన్న 531 మందిని తీసుకుని సుమారు మూడేళ్లు చూసింది. ఫలితాలు 2006లో వచ్చాయి. మామూలు సలహాతో సరిపెట్టినవాళ్లలో 55 శాతం మందికి షుగర్ వచ్చేసింది. తిండి, నడక మార్చుకున్నవాళ్లలో 39 శాతం. మెట్‌ఫార్మిన్ మాత్ర వేసుకున్నవాళ్లలోనూ ఇంచుమించు అంతే. మారినా 39 శాతం మందికి వచ్చిందిగా అంటే... అవును, ఇది మంత్రమేం కాదు. ఇంకో విశేషం, తిండీ నడకా మార్చుకున్నవాళ్ల బరువు పెద్దగా తగ్గలేదు. అయినా మేలు జరిగింది. బరువు తగ్గలేదని నెలకే నడక మానేసేవాళ్లు ఈ ముక్క గుర్తుపెట్టుకోవాలి.

ఇక కంచం సంగతి. పొద్దున ఇడ్లీయో ఉప్మానో, మధ్యాహ్నం అన్నం, సాయంత్రం టీలోకి బిస్కెట్లు, రాత్రి మళ్లీ అన్నం. అందులోకి పప్పు ఓ గరిటెడు, కూర ఇంకాస్త. దీన్ని తిరగెయ్యాలి. కూర, పప్పు ముందు వడ్డించుకుని మిగిలిన చోటే అన్నం పెట్టుకోవాలి. పెసరట్టు భేషైనదే, అందులో ఉప్మా పెట్టకపోతే. గుడ్డు, చేప, శనగలు, ఉలవచారు అన్నీ మనవే. కొర్రలు, జొన్నలు మంచివే కానీ వాటిలోనూ పిండిపదార్థమే ఎక్కువ. చిరుధాన్యాలు కదా అని రెండింతలు తింటే కథ మళ్లీ మొదటికే. భోంచేసిన వెంటనే టీవీ ముందు వాలకుండా పది పదిహేను నిమిషాలు నడిస్తే కండరాలు గ్లూకోజును వాడేసుకుంటాయి. ఒక్కరి కోసం వేరే వంటంటే వారంలో ఆగిపోతుంది. ఇంటిల్లిపాదీ అదే తినడం మేలు. నాన్నకో అమ్మకో బోర్డర్ అంటే పిల్లలకూ ఆ ముప్పు ఉన్నట్టే కదా.

ఇక్కడిదాకా బాగానే ఉంది. నా పేచీ అంతా కొన్నిచోట్ల చేతిలో పెట్టే టెస్టుల జాబితాతోనూ సప్లిమెంట్ డబ్బాలతోనూ. ఏ తిండి పడదో చెబుతామనే ఐజీజీ రక్తపరీక్షలు వద్దని అలర్జీ నిపుణుల సంఘాలే చెబుతున్నాయి. విటమిన్-డి సంగతీ చూడండి. అమెరికాలో బోర్డర్‌లో ఉన్న 2,423 మందిలో సగం మందికి రోజూ విటమిన్-డి, మిగతావాళ్లకు ఉత్తుత్తి మాత్ర ఇచ్చారు. షుగర్ రావడంలో చెప్పుకోదగ్గ తేడా లేదని 2019లో తేలింది. లోపం ఉంటే వేసుకోవాల్సిందే, అది వేరే మాట. మనకు కావలసినవి పరగడుపు షుగర్, హెచ్‌బీఏ1సీ, లిపిడ్ ప్రొఫైల్, బీపీ, ఆ టేపు. ఏ ఊళ్లోనైనా దొరుకుతాయి.

మూలాన్ని సరిచేస్తాం, మాత్రలు ఆపెయ్యండి అన్నారా... లేచి వచ్చెయ్యండి. గుండెపోటు వచ్చినవాళ్లు, స్టెంటు వేయించుకున్నవాళ్లు సొంతంగా మందులు ఆపితే ప్రాణం మీదికొస్తుంది. గ్లిమిపిరైడ్ లాంటి మాత్రలో, ఇన్సులినో వాడుతున్నవాళ్లు అన్నం తగ్గించేముందే డాక్టరుకు చెప్పాలి. తిండి తగ్గి మందు అంతే ఉంటే షుగర్ ఉన్నట్టుండి పడిపోతుంది. చెమటలు, వణుకు, కళ్లు తిరగడం కనిపిస్తే ముందు షుగర్ చూసుకోవాలి. మిషన్ అందుబాటులో లేకపోతే ఆలోచించకుండా మూడు చెంచాల పంచదార నీళ్లలో కలిపి తాగేయాలి.