పాత విండోస్‌తో కొత్త ముప్పు

మా ఇంట్లో 2017లో కొన్న డెస్క్‌టాప్ కంప్యూటర్ ఉంది. ఈ వ్యాసాలు టైప్ చేసేదీ, బ్యాంకు పనులు చూసుకునేదీ దానిమీదే. దానిలోని విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. విండోస్ 11కు మారదామంటే ఇంటెల్‌లో ఎనిమిదో తరం ప్రాసెసర్ అయినా కావాలి. మాది ఏడో తరం. ‘బాగానే పనిచేస్తోందిగా, ఎందుకు కదపడం’ అన్నారు ఇంట్లో. రక్షణ వ్యవహారాలు రాసే నేనూ కొన్ని వారాలు అలాగే సరిపెట్టుకున్నాను. ఒప్పుకోవడానికి సిగ్గుగానే ఉంది.

మద్దతు ముగిసినంత మాత్రాన కంప్యూటర్ ఆగిపోదు. అందుకే ప్రమాదం కనిపించదు. విండోస్ 10, 11లలో లోపలి కోడ్ చాలావరకు ఒక్కటే. కొత్తదానికి నెలనెలా వచ్చే దిద్దుబాటును విప్పి చూస్తే, ఏ లోపాన్ని పూడ్చారో నిపుణుడైన హ్యాకర్‌కు తెలిసిపోతుంది. పాతదాంట్లో ఆ లోపం అలాగే ఉంటుంది. కొత్త ఇంటికి వేసిన తాళమే పాత ఇంటికి కన్నం ఎక్కడ వేయాలో చెబుతుందన్నమాట.

ఇది ఊహ కాదు. 2017 మేలో ‘వాన్నాక్రై’ 150కి పైగా దేశాల్లో కంప్యూటర్లను స్తంభింపజేసింది. అది వాడుకున్న లోపానికి మైక్రోసాఫ్ట్ మార్చిలోనే దిద్దుబాటు ఇచ్చింది. వేసుకోనివారు, మద్దతు లేని పాత విండోస్‌లు వాడుతున్నవారు దెబ్బతిన్నారు. ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లు కొన్ని ఆ జాబితాలో ఉన్నాయి.

ఇంటి కంప్యూటర్‌కూ దేశభద్రతకూ ఏమిటి సంబంధమని అడగవచ్చు. 2019లో కూడంకుళం అణు విద్యుత్ కేంద్రం వ్యవహారంలో మాల్‌వేర్ దొరికింది రియాక్టర్‌ను నడిపే వ్యవస్థలో కాదు, ఇంటర్నెట్‌తో అనుసంధానమైన పరిపాలనా విభాగపు కంప్యూటర్‌లో. గూఢచర్యం చేసేవారు మొదట వెతికేది ఇలాంటి పక్కదారులనే. హైదరాబాద్‌లో రక్షణ ప్రయోగశాలలు, విశాఖలో తూర్పు నౌకాదళ ప్రధాన కేంద్రం ఉన్నాయి. అక్కడి ఉద్యోగులకూ, వాటికి విడిభాగాలు చేసిచ్చే చిన్న యూనిట్ల యజమానులకూ ఇళ్లలో కంప్యూటర్లు ఉంటాయి. పిల్లలు ఆటలాడుకునేదీ, నాన్న ఆఫీసు మెయిల్ తెరిచేదీ ఒక్కోసారి ఒకే యంత్రంలో.

ప్రభుత్వానికి ఈ విషయం తెలియక కాదు. రక్షణ శాఖ తన కంప్యూటర్లలో విండోస్ బదులు ఉబుంటు ఆధారిత ‘మాయా’ను పెట్టాలని 2023లో నిర్ణయించింది. సీ-డ్యాక్ రూపొందించిన ‘బాస్’ లినక్స్ అంతకు చాలా ముందే ఉంది. ఇళ్ల సంగతికి వచ్చేసరికి, 2017లో మొదలైన సైబర్ స్వచ్ఛతా కేంద్రం మాల్‌వేర్‌ను తొలగించే ఉచిత సాధనాలు ఇస్తోంది. మంచిదే గానీ, అది జబ్బు చేశాక వేసే మందు. ఇంట్లో వాడేవారికి 2026 అక్టోబరు 13 వరకు అదనపు భద్రతా దిద్దుబాట్లు ఇస్తామన్న మైక్రోసాఫ్ట్, వినియోగదారుల సంఘాల ఒత్తిడి తర్వాత ఐరోపావాసులకు షరతులు బాగా సడలించింది. ఆ సడలింపును మన ప్రభుత్వం మనకూ అడిగి ఉండాల్సింది. ఇప్పటికైనా అడగాలి. మరో రెండు మూడేళ్లు పొడిగించమనీ పట్టుబట్టాలి. కొత్త కంప్యూటర్ కొనుక్కోమని చెప్పడం తేలికే. నలభై యాభై వేలు పెట్టలేని ఇళ్లే ఎక్కువ.

నేను ఫైళ్లన్నీ బయటి హార్డ్‌డిస్క్‌లోకి ఎక్కించి, పక్కింటి ఇంజినీరింగ్ విద్యార్థి సాయంతో పాత యంత్రంలోనే ఉబుంటు వేసుకున్నాను. ఒక ఆదివారం మధ్యాహ్నం పట్టింది. తెలుగు టైపింగ్ బాగానే ఉంది, ఈ వ్యాసం దానిమీదే రాశాను. ప్రింటర్ మాత్రం ఇంకా మాట వినడం లేదు.